కారు కొనుటయు నభయదానమును

సోదరీమణులారా! “ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము” అని పెద్దలు చెప్పిన మాటకు నేటి సంసారులు “కారు కొని చూడుము” అని మూడవమాటను జేర్చుకొనవలసి వచ్చినది. ఒకప్పుడు మన కర్నూలు కడప సీమలలో కారు గలవాడన్న ధనవంతుడే. నేడట్లు గాదు. ఉపాధ్యాయుని యింటిముందును, ప్రత్తివర్తకుని యింటిముందును, నాపరాళ్ల వ్యాపారి యింటిముందును కారు నిలుచుచున్నది. కొనువారు పెరిగిరి గాని కొనునపుడడుగు ప్రశ్నలు పెరుగలేదు. ధర యెంత, రంగేది, లీటరునకెన్ని కిలోమీటర్లు నడచును – ఈ మూటితో బేరము తీరిపోవుచున్నది. “ఈ బండి దేనికైన గొట్టుకొన్నచో నిందు గూర్చున్న మా బిడ్డ బ్రతుకునా?” యని యడుగువారు మిక్కిలి యరుదు. అమంగళమైన మాట యని మగవారడుగరు; మనకేమి తెలియునని మనమడుగము. ఆ ప్రశ్నను ఇల్లాలే యడుగవలయునని చెప్పుటకే యీ వ్యాసము.

మన రెండు పట్టణముల పేరులలోనే ప్రయాణము దాగియున్నది. కర్నూలునకు బూర్వనామము కందెనవోలు. అలంపురమున నాలయములు గట్టుటకై రాళ్లు తోలుకొని పోవు బండ్లవారు తుంగభద్ర దాటుటకు ముందిచ్చట నాగి చక్రములకు గందెన పూసికొనుచుండిరనియు, ఇచ్చటి నూనెవర్తకులు దానిని వారికి సమకూర్చుచుండిరనియు, అందుచేతనే యూరికా పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. కడప యనగా గడప. తిరుమలకు బోవు యాత్రికులకు దేవునికడప తొలిగడప యని ప్రసిద్ధి. ఏఱు దాటకమున్ను బండిని సరిచూచుకొనుట, గడప దాటకమున్ను దైవమును దలచుకొనుట – ఈ రెండును మన పూర్వుల ప్రయాణధర్మములు. రెండవదానిని మనము నేటికిని మఱువలేదు. మొదటిదానిని మాత్రము మఱచితిమి.

ఈ విషయమున మాకు గనువిప్పు గలిగినది పుస్తకములవలన గాదు. క్రిందటి మాఘమాసమున నొక పెండ్లికై కడపనుండి రాయచోటికి బాడుగకారులో బోవుచుంటిమి. ఐదుగురు గూర్చుండవలసిన బండిలో నేడుగురము. మా రెండేండ్ల చిన్నది మా యొడిలో నుండెను. గువ్వలచెఱువులో పాలకోవా కొనిపెట్టెదమని దానికి మాట యిచ్చియుంటిమి. ఘాటు మలుపులో నెదుట లారీ యొకటి యడ్డముగా రాగా డ్రైవరు గట్టిగా బ్రేకు నొక్కెను. బండి దేనికిని దగులలేదు. అయినను బిడ్డ మా చేతులనుండి జాఱి ముందుసీటునకు గొట్టుకొని నుదురు చిట్లినది. నాలుగు కుట్లు పడినవి. చేతులు రెండును బిగించియే పట్టుకొనియుంటిమి. ఆ పట్టు వ్యర్థమయ్యెను. తల్లి యొడికన్న బిడ్డకు మంచిచోటేదని యంతవఱకు మేమును నమ్మియుంటిమి. ఆనాడా నమ్మకము పోయినది.

ఇంటికి వచ్చిన పిమ్మట మావారు దీని లెక్కను, బడిపిల్లలకు జెప్పునట్లు, పలకమీద వ్రాసి చూపిరి. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో బోవు బండి గోడకు గొట్టుకొనుట, అందలివారికి సుమారు 10 మీటర్ల యెత్తునుండి, అనగా మూడంతస్తుల మిద్దెమీదినుండి, పడుటతో సమానమట. వేగము రెట్టింపైనచో నెత్తు నాలుగురెట్లగును. 100 కిలోమీటర్ల వేగమునకది 40 మీటర్లకు జేరువ. మిద్దెమీదినుండి పడుచున్న బిడ్డను తానును బడుచు బట్టి యాపగల తల్లి యెవరు? ఆ పని చేయగలది సీటుబెల్టొక్కటే.

ఇది మా యొక్కయింటి మాట గాదు. 2021 ఫిబ్రవరి 14వ తేదీ తెల్లవాఱుజామున మదనపల్లెనుండి అజ్మీరుయాత్రకు బయలుదేఱిన చుట్టపక్కాలు కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలములో లారీని ఢీకొని 14 మంది మరణించిరి. నలుగురు పిల్లలు మాత్రము బ్రతికిరి. దేశము మొత్తమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణాశాఖవారి లెక్క. వారిలో బెల్టు పెట్టుకొననివారు 16,715 మంది. అందు సగము మంది డ్రైవర్లు గారు; ప్రక్కనను వెనుకను గూర్చున్నవారు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 4న పారిశ్రామికుడు సైరస్ మిస్త్రీ ప్రాణము గోల్పోయినది మిక్కిలి విలువగల కారులో. వెనుకసీటులో నుండి బెల్టు పెట్టుకొనలేదు. బండి వెల బండిలోని ప్రాణమును గాపాడదనుటకింతకన్న వేఱు నిదర్శనమేల?

బిడ్డ నుదుటి కుట్లు మానిన పిమ్మట మా యింట కారు మాట బయలుదేఱినది. మామగారు పెద్దబండి కావలెననిరి. ఏడుగురు గూర్చుండునట్టి పాతబండి చవుకగా దొరకుచున్నదనిరి. మఱది సన్‌రూఫున్న బండి కావలెననెను. మావారి చేతిలోనున్నది పదేండ్ల పొదుపు. దానితో బండి పరిమాణమును గొనవలెనా, బండి సొగసును గొనవలెనా, బండి గట్టితనమును గొనవలెనా యనునదే ప్రశ్న. మూడును గొనుటకు ధనము చాలదు. మీలో బెక్కండ్ర యింటను నీ చర్చయే జరుగునని యెఱుగుదుము గావున దానిని దాచక వ్రాయుచున్నాము.

గట్టితనమును జూచుటెట్లు? తలుపు వేసినపుడు వచ్చు చప్పుడును బట్టియు, రేకును వ్రేలితో దట్టియు జూచుట మనవారి పద్ధతి. అది కుండను దట్టిచూచుట వంటిది, కుండకే చాలును. బండిని నిజముగా ఢీకొట్టించి, లోపల మనుష్యుల బదులు బొమ్మల నుంచి, ఎవరికెంత దెబ్బ తగులునో కొలిచెడి పరీక్షలున్నవి. 2023 అక్టోబరు 1నుండి మన దేశమున ‘భారత్ ఎన్‌క్యాప్’ అను పరీక్ష యమలులోనికి వచ్చినది. ముఖాముఖి తాకిడిని గంటకు 64 కిలోమీటర్ల వేగమునను, ప్రక్కతాకిడిని 50 కిలోమీటర్ల వేగమునను జూతురు. పెద్దలకొకటి, పిల్లలకొకటి, వేఱువేఱుగా నైదింటికి నెన్ని నక్షత్రములో ప్రకటింతురు. తల్లులు పిల్లల నక్షత్రములను బ్రత్యేకముగా నడుగవలయును. ఈ పరీక్షకు బండిని బంపుట తయారుచేయువారి యిష్టమునకు విడువబడినది; కావున నక్షత్రములు లేని బండ్లును అంగడిలో నుండును.

ఈ నక్షత్రముల వెనుక నొక కథ గలదు. ఒకనాడు వానలో నొక స్కూటరుమీద దంపతులిరువురును బిడ్డలను బెట్టుకొని పోవుట చూచి రతన్ టాటా మనసు కరగి లక్షరూపాయల కారును సంకల్పించెనని ప్రసిద్ధి. ఆ సంకల్పమే 2008 జనవరి 10న ఢిల్లీలో లోకమునకు జూపబడిన నానో. ఉద్దేశము గొప్పది. కాని 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్‌వారు మన దేశపు చిన్నకార్ల నైదింటిని బరీక్షింపగా, ఐదింటికిని సున్న నక్షత్రములే వచ్చినవి. వానిలో నానోయు నొకటి. వానకు గప్పు దొరకినది గాని ప్రాణమునకు గాపు దొరకలేదు. ఆ టాటావారి నెక్సానే 2018 డిసెంబరులో ఐదు నక్షత్రములు పొందిన తొలి భారతీయ కారైనది. నడుమ నైదేండ్లలో జరిగినదేమి? సున్నలు పత్రికల కెక్కినవి, కొనువారడుగ మొదలిడిరి, చట్టమును బిగిసినది. డ్రైవరునకు ఎయిర్‌బ్యాగు 2019 జూలైనుండియు, అతని ప్రక్కవారికి 2021నుండియు దప్పనిసరి యైనవి. అడుగనిదే యమ్మయైన పెట్టదన్న సామెత వర్తకులకును జెల్లును.

ఈ మాటలన్నియు మనస్సున బెట్టుకొని క్రిందటి వేసవిలో కర్నూలులోని యొక షోరూమునకు బోయితిమి. ఎండ నిప్పులు చెఱుగుచుండెను. వాకిట చలివేంద్రము వేసి దారిన బోవువారికి మజ్జిగ పోయుచుండిరి. ప్రక్కగదిలో రక్తదానశిబిరము, పడుచువాండ్రు వరుసగా మంచములమీద బండుకొని రక్తమిచ్చుచుండిరి. లోపల నొక కుటుంబము క్రొత్తకారుమీది పట్టుగుడ్డను దీసి, అట్టతో జేసిన నిలువెత్తు తాళపుచెవిని బట్టుకొని ఫోటో తీయించుకొనుచుండెను. ఇల్లాలికి దీపపుకుందులు బహుమానముగా నిచ్చిరి. చూచి సంతోషించితిమి. నీటికొఱత గల మన సీమలో దాహమునకిచ్చువాడు దేవునితో సమానుడు. కర్నూలు పెద్దాసుపత్రికి రాయలసీమనుండియే గాక తెలంగాణ కర్ణాటక సరిహద్దుపల్లెలనుండియు గాయపడినవారు వత్తురు. వారికి రక్తమెంతయైనను జాలదు. ఈ దానముల నెవరు తక్కువసేయగలరు?

పిమ్మట మేము చూపవలసినదని యడిగినది వెనుకసీటు బెల్టులను. వానిని బిగించు కొలికి కనబడలేదు. క్రొత్తగా దొడిగిన సీటుతొడుగు క్రింద నవి యణగియుండెను. చూపుచున్న పిల్లవాడు నవ్వి, “ఎనక సీట్లో బెల్టు ఎవరు పెట్టుకుంటారమ్మా?” యనెను. పసిబిడ్డల సీటు చూపుమంటిమి, లేదు, తెప్పించవలెననెను. ఎన్ని నక్షత్రములని యడిగితిమి; కాగితమును వెదకుటకు లోపలికి బోయెను. అంతలో యజమాని తానే వచ్చి మా మాటలన్నియు విని, కొంచెము సేపూరకుండి, “అమ్మా, ఈ యేడాదిలో ఈ మాట అడిగింది మీరొక్కరే. అడిగేవాళ్లుంటే పెట్టనా?” యనెను. ఆ మాట మమ్ము గ్రుచ్చినది. తప్పు వర్తకునిదే యని వచ్చితిమి. అందు మన పాలును గలదని తెలిసికొని మరలితిమి.

కావున సోదరీమణులారా, అడుగవలసినవి యేవో చెప్పుచున్నాము. మొదటిది, పెద్దలకును బిడ్డలకును వేఱువేఱుగా నక్షత్రములెన్ని? రెండవది, ఎయిర్‌బ్యాగులెన్ని, ప్రక్కతాకిడికి గూడ గలవా? మూడవది, వెనుక నడిమిసీటునకు భుజముమీదుగా వచ్చు బెల్టున్నదా, నడుముపట్టీ మాత్రమేనా? నాలుగవది, బిడ్డసీటును బిగించు ‘ఐసోఫిక్స్’ కొక్కెములున్నవా? ఐదవది, ఈ గుణములన్నియు మేము కొనెడి తక్కువధర రకములో గూడ గలవా, లేక ప్రకటనలోని హెచ్చుధర రకములోనేనా? పాతబండి కొనువారు టైరు ప్రక్కన నచ్చొత్తిన నాలుగంకెలను జూడవలెను. 2324 అని యున్నచో 2024లో 23వ వారమున దయారైనదని యర్థము. మన యెండలకు ముదిరిన టైరు రహదారిమీద బ్రద్దలగును. గాలిని ప్రొద్దుననే, బండి చల్లగా నున్నపుడు, సరిచూడవలయును.

కొన్న పిమ్మట మనమే చేయు తప్పులు కొన్ని గలవు. బెల్టున్నదిగదా యని యెయిర్‌బ్యాగును, ఎయిర్‌బ్యాగున్నదిగదా యని బెల్టును నిర్లక్ష్యము చేయరాదు. ఎయిర్‌బ్యాగు ఱెప్పపాటుకన్న దక్కువకాలములో నుబ్బును. బెల్టులేని దేహము దానిమీదికి దూలినచో నదియే గాయము చేయును. పసిబిడ్డను వెనుకకు ముఖముగా గూర్చుండబెట్టు సీటును, ఎయిర్‌బ్యాగు పనిచేయు ముందుసీటుమీద నెన్నడును నుంచరాదు. వెనుకసీటే బిడ్డకు జోటు. పదునైదునెలలు నిండువఱకైనను బిడ్డ వెనుకకే ముఖముగా నుండవలయును. భక్తితో డ్యాష్‌బోర్డుమీద దేవుని యిత్తడివిగ్రహము నంటింతుము. ప్రక్కవారి యెయిర్‌బ్యాగుండు చోటదియే యని తెలియదు. విగ్రహమునకు బదులు చిన్నపటము వేఱుచోట నుంచుకొనిన దేవుడు గోపింపడు. ప్రక్క ఎయిర్‌బ్యాగులు సీటులోనే యుండు బండికి బిగుతైన తొడుగులు వేసిన నవి తెఱచుకొనలేవు. ముందర నినుపకమ్మీలు బిగించుటను 2017లోనే ప్రభుత్వము నిషేధించినది. అవి యెదుటివారి కపాయము, మన యెయిర్‌బ్యాగునకు నడ్డు.

గర్భవతులు బెల్టు పెట్టుకొన్న గడుపునకు జెడుపని మానుచున్నారు. అది పొరపాటు. క్రిందిపట్టీ కడుపుమీద గాక, కడుపు క్రిందుగా తుంటియెముకలమీదను, పైపట్టీ రొమ్ముల నడుమగా భుజముమీదను నుండవలెను. అట్లున్న బెల్టు తల్లిని బిడ్డను గూడ గాపాడును. 2019లో సవరింపబడిన మోటారువాహన చట్టము ప్రకారము 14 ఏండ్లలోపు పిల్లలకు బెల్టుగాని పిల్లలసీటుగాని లేనిచో వేయి రూపాయలు జరిమానా. వేయి రూపాయలు లెక్కగాదు. బెల్టు మరణభయమును సగమువఱకును, పసివారి సీటు నూటికి 71 పాళ్లవఱకును దగ్గించునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుట లెక్క.

ఇక దానము మాట. అన్నదానము గొప్పది, విద్యాదానము గొప్పది, భయపడినవానికి బ్రాణరక్షణ నిచ్చుట యభయదానమని, అది మఱియు గొప్పదని మన శాస్త్రములు చెప్పును. వాహనవర్తకమున నిట్టి దానమునకు మేలైన యుదాహరణమొకటి గలదు. నేడు ప్రతికారులోను భుజముమీదుగా నడుముమీదుగా వచ్చు మూడుకొసల బెల్టును 1959లో స్వీడనుదేశపు వోల్వో కంపెనీలో నీల్స్ బోలిన్ అను ఇంజనీరు కనిపెట్టెను. దానికి బేటెంటున్నను, ఎల్లవారును వాడుకొనుటకు వోల్వోవారు దానిని విడిచిపెట్టిరి. ఆ బెల్టే నేడు మన వెల్దుర్తి దారిలోను, గువ్వలచెఱువు ఘాటులోను దిరుగు బండ్లలో నున్నది. కందెనవోలు నూనెవర్తకులు చక్రమునకు గందెన సమకూర్చిన పని యిదియే గదా!

కావున మన యూళ్ల వాహనవర్తకులకు మా విన్నపమిది. మజ్జిగ పోయుడు, రక్తశిబిరము పెట్టుడు. వానితోబాటు బండి నప్పగించు దినమున దీపపుకుందులు మాని, ఐదుబెల్టులను దొడుగులనుండి పైకి దీసి, ఇంటివారందఱిచేతను నొకమాఱు పెట్టించి పంపుడు. పసిబిడ్డల సీటు నొకదానిని షోరూములో జూపుటకుంచుడు. ఇల్లాండ్రకు మఱియొక విన్నపము. ఒకయింటి తొట్టెల పదియిండ్ల బిడ్డలను బెంచుట మన యాచారము. బిడ్డ యెదిగిన పిమ్మట సీటును గూడ నట్లే కానుపు వచ్చిన మఱియొకయింటికి ఇయ్యవచ్చును. ఒకసారి ప్రమాదమునకు లోనైన సీటును, పట్టీలు చిరిగినదానిని, తయారుచేసినవారు చెప్పిన గడువు దాటినదానిని మాత్రమియ్యరాదు. రక్తదానమునకు స్త్రీలు గూడ దగుదురు. వయస్సు 18కి దక్కువగాక 65కు మించక, బరువు 45 కిలోలకును, రక్తమున హిమోగ్లోబిను 12.5 గ్రాములకును దగ్గక యున్నవారు నాలుగునెలల కొకమాఱియ్యవచ్చును. దారిలో గాయపడినవారిని జూచి పోలీసులకు వెఱచి తప్పుకొనిపోవలదు. సాయపడినవారిని వేధింపరాదని 2019 సవరణచట్టమున 134ఎ సెక్షను రక్షణ యిచ్చుచున్నది. 108కి ఫోను చేయుడు.

మా యింటి చర్చ యెట్లు ముగిసినదో చెప్పి విరమింతుము. సన్‌రూఫు లేని, ఐదుగురు మాత్రమే గూర్చుండగల, ఐదు నక్షత్రముల బండిని గొంటిమి. “చుట్టాలొస్తే ఎట్ల?” అని మామగారడిగిరి. ఎన్ని బెల్టులో అందఱే బండిలో, మిగిలినవారు బస్సులో నని మావారు మనవి చేసిరి. “పూజ చేసిన బండికి ఇన్ని భయాలేలమ్మా?” యని యాయన మమ్మడిగిరి. “దేవుడున్నాడని గుడితలుపునకు దాళము వేయుట మానుదుమా, మామా?” యంటిమి. వృద్ధులాయన, నవ్విరి. ఆ యాదివారము పూజారి నిమ్మకాయలను జక్రముల క్రింద నుంచగా, బండి కదలకమున్ను వెనుకసీటులో బిడ్డ ప్రక్కన గూర్చున్న మామగారు తమ బెల్టును తామే వెదకి పెట్టుకొనిరి. అదే దారిన నీసారి రాయచోటికి బోయితిమి. గువ్వలచెఱువులో నాగి, బాకీపడిన పాలకోవాను బిడ్డకు గొనిపెట్టితిమి.